పెద్దకోడలి మాత్రలు

సూదక్క అసలు పేరు కొండ మీద ఎవరికీ తెలియదు. నర్సు ఉద్యోగంలో చేరిన తొలినాడు చంకలో సూదుల పెట్టెతో కొండెక్కింది. అంతే, పదిహేడేళ్లుగా అదే పేరు. నోరు పెద్దది, మనసు వెన్న. తిట్టకుండా ఒక్క మాత్ర కూడా చేతిలో పెట్టదని ఆడవాళ్లు నవ్వుకుంటారు.

ఆ ఏడాది ఆమెకు కంటి మీద కునుకు లేకుండా చేసింది పైగూడెం పెద్దకోడలు. ఆరో నెల. వేలు గుచ్చి చూస్తే రక్తం ఏడే ఉంది, పదకొండైనా ఉండాల్సింది. కిందటేడు వాళ్ల పక్కింటి పిల్ల కూడా ఇదే ఏడుతో కాన్పుకొచ్చి, మంచం మీద మోసుకొస్తుంటే కొండ దిగకముందే కన్ను మూసింది. ఆ పిల్లను తలుచుకుంటే సూదక్కకు ఇప్పటికీ అన్నం సహించదు.

పెద్దకోడలిని డాక్టరుకు చూపించి, నెలకు సరిపడా ఇనుము మాత్రలు ఇచ్చింది. నెల తిరిగేసరికి డబ్బా ఖాళీ అయింది. రక్తం మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

“నిజం చెప్పు, పారేస్తున్నావు కదూ?”

“ఒట్టు అక్కా! ఒక్కటి కూడా పారేయలేదు.”

సూదక్క నమ్మలేదు. ఇంకో డబ్బా ఇచ్చి, మర్నాడు పొద్దున్నే వాళ్ల పొయ్యి దగ్గర బైఠాయించింది. అత్తగారు డబ్బాలోంచి ఒక మాత్ర తీసి, రోట్లో మెత్తగా నూరి, గంజికుండలో వేసి కలిపింది. నలుగురు కోడళ్లకూ, కూతురికీ తలో గిన్నె సమంగా పోసింది.

“అయ్యో పెద్దమ్మా! అది కడుపుతో ఉన్నదానికి!”

“కుందేలు దొరికినా మా ఇంట్లో అందరికీ సమానమే. మందని చెప్పి ఒక్కతే దాచుకు తింటుందా? మేమేమన్నా దొంగలమా?” అంది ముసలామె.

తిట్టబోయిన సూదక్క సూదుల పెట్టె తెరిచింది. మిగతా నలుగురి కళ్ల కింద రెప్పలు లాగి చూసింది. అన్నీ పాలిపోయి ఉన్నాయి. వేళ్లు గుచ్చితే ఒక్కరికీ తొమ్మిది దాటలేదు. ఇన్నేళ్లూ కడుపుతో ఉన్నవాళ్లనే చూసి దిగిపోయిన తన బుద్ధి గడ్డి తిన్నదనుకుంది.

మర్నాడు ఐదు డబ్బాలతో వచ్చింది. “పంచుకోండి తల్లీ, బాగా పంచుకోండి. కానీ మనిషికో మాత్ర. నూరొద్దు, నీళ్లతో మింగండి.”

తొమ్మిదో నెలలో పెద్దకోడలి రక్తం పదిన్నర. సూదక్క ఆ అంకెను మూడుసార్లు చూసుకుంది. కాన్పు ఆసుపత్రిలో సుఖంగా జరిగింది. బిడ్డ ఏడుపు విని, సూదక్క గోడకు చేరగిలబడి తనూ భోరుమంది. గుండెల మీద కుంపటి దిగినట్టయింది.

పసిదాన్ని చూడటానికి పైగూడెం వెళ్లిన రోజు ముసలామె ఆమె చెయ్యి పట్టుకుంది.

“అందరి వేళ్లూ పొడుస్తావు. మరి నీది ఎంత?”

సూదక్క ఎప్పుడూ చూసుకోలేదు. అక్కడే వేలు గుచ్చుకుంటే ఎనిమిదిన్నర ఉంది.

ముసలామె ఆమె నెత్తిన ఒక్కటి మొట్టి, అరచేతిలో మాత్ర పెట్టింది. “మాత్రలన్నీ మాకిచ్చి నువ్వు చూస్తూ కూర్చుంటే మేం దొంగలమే కదే! మింగు.”

పదిహేడేళ్లలో మొదటిసారి సూదక్క ఎదురు మాట్లాడకుండా మింగింది.