తొమ్మిదికి పలికిన రెండు మీటర్లు

మీటరు ముందు నిలబడి అంకె చూసి రాసుకోవడం నామోషీ అయిపోయిన కాలం అది. తొంభైల చివర్లో మాదాపూర్ వైపు బండలు పేల్చి అద్దాల మేడలు కడుతుంటే, అక్కడ అద్దెకు దిగిన ప్రతివాడికీ తానూ ఏదో ఒక తెర వెలిగించకపోతే పరువు పోతుందనిపించేది. మా యజమానికి మరీ ఎక్కువగా అనిపించింది. ఆయన కడప వైపు నుంచి వచ్చి, ఖాజాగూడ చుట్టుపక్కల స్థలాలు కొని అమ్మి, ఆ ఊపులో మా టెస్టింగ్ ల్యాబును కూడా కొనేశారు. కరెంటు సామాన్లు సరిగా పనిచేస్తున్నాయో లేదో కొలిచి రిపోర్టు ఇవ్వడం మా పని. ఆయనకు వోల్టేజి అంటే ఏమిటో తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

ఆయన కోరిక ఒక్కటే. ల్యాబులో ఉన్న కొలత పరికరాలన్నిటినీ కంప్యూటరుకు కలపాలి, ఆ కంప్యూటరును ఆఫీసు నెట్‌వర్కుకు కలపాలి, తన గదిలో కుర్చీ దిగకుండా ఆయన అంకెలు చూడాలి. ఆయన గదికీ ల్యాబుకూ మధ్య ఉన్నది ఒక్క గోడ. ఆ గోడ చుట్టి నడిచే శ్రమ ఆయనకు తప్పించడానికి సీలింగు పొడుగునా కేబుళ్లు లాగాం.

పని నాకే అప్పజెప్పారు. పరికరాలు నాలుగు. ఒకే రకం వోల్టు మీటర్లు రెండు, కరెంటు అలల్ని గీసి చూపే ఆసిలోస్కోపు ఒకటి, వేడిని నమోదు చేసే రికార్డరు ఒకటి. నాలుగింటినీ వేలంత లావు కేబులుతో వరసగా కంప్యూటరుకు కలపాలి. అన్నీ ఒకే తీగ మీద ఉంటాయి కాబట్టి, కంప్యూటరు దేన్ని పిలుస్తోందో తెలియాలంటే ఒక్కోదానికి ఒక్కో నంబరు ఉండాలి. వెనకవైపు చిన్న స్విచ్చులుంటాయి, వాటితో సున్నా నుంచి ముప్ఫై దాకా ఏ నంబరైనా పెట్టుకోవచ్చు. నేను ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పెట్టాను. మామూలు బుర్రకు తోచేది అదే.

మా యజమానిది మామూలు బుర్ర కాదు. ఆయన కారు నంబరు కూడితే తొమ్మిది, ఫోను నంబరు కూడితే తొమ్మిది. తొమ్మిది తప్ప ఇంకేదీ అచ్చిరాదని సంఖ్యాశాస్త్రం చూసే ఒక పెద్దమనిషి ఆయనకు చెప్పాడట.

"ఏమప్పా, ఒకటి రెండు మూడు అని పెట్టినావంట. అన్నీ తొమ్మిది రావల్ల," అన్నారు.

"ముప్ఫై దాకా తొమ్మిది వచ్చేటివి మూడే ఉన్నయి సార్. తొమ్మిది, పద్దెనిమిది, ఇరవై ఏడు. మనకు నాలుగు గావాలె," అన్నాను.

"ఆ మీటర్లు రెండూ ఒకటే మాదిరి ఉండాయి కదా. రెండిటికీ తొమ్మిదే ఇచ్చెయ్."

"గట్ల ఇస్తే పిలిచినప్పుడు రెండూ పలుకుతయి సార్."

"మా ఊర్లో ఒకటే పేరోళ్లు పదిమంది ఉండారు. పిలిస్తే ఎవురు రావల్లో వాళ్లే వస్తారు. మనుషులకే అంత తెలివి ఉంటే, ఫారిన్ నుంచి తెప్పించిన యంత్రానికి ఉండదా?"

వినే చెవి అక్కడ లేదు కాబట్టి మీటర్లు రెండింటికీ తొమ్మిదే పెట్టి, మిగతా రెండింటికీ పద్దెనిమిది, ఇరవై ఏడు పెట్టాను. మర్నాడు పూజారి వచ్చి నాలుగు పరికరాలకూ పసుపు కుంకుమ పెట్టాడు. నంబర్లు పెట్టిన స్విచ్చులను ఎవరూ కదపకుండా వాటి మీద టేపు అతికించి, ఆ టేపుకు కూడా బొట్టు పెట్టించారు. సాయంత్రం కొత్తగూడ దగ్గర చాయ్ తాగుతూ తోటివాళ్లకు ఈ సంగతి చెబితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. వాళ్లలో ఎక్కువ నవ్వినవాడి స్కూటరు నంబరు కూడితే ఏడు వస్తుంది, ఆ నంబరు ఏరికోరి తీసుకున్నాడు.

ప్రారంభం రోజున రెండు మీటర్లనూ గోడకున్న ఒకే ప్లగ్గుకు తగిలించాం. రెండింటి మీదా రెండొందల ముప్ఫై. ఇద్దరు ఒకేసారి ఒకే మాట అంటే వినేవాడికి ఒక్క మాటే వినబడుతుంది కదా, తెర మీద కూడా మీటరుకొకటి చొప్పున ఉన్న రెండు గళ్లలోనూ రెండొందల ముప్ఫై వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు యజమాని నావైపు చూసి నవ్విన నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇకమీదట మీటరు చూసి రాసిన అంకె చెల్లదని, తెర మీద వచ్చిందే రిపోర్టులోకి ఎక్కాలని అప్పటికప్పుడే హుకుం జారీ చేశారు.

ఆ తరువాత వచ్చిన మొదటి పని బోరబండ నుంచి ఒకావిడ తెచ్చింది. ఇంటి ముందరి గదిలో ఇద్దరు ఆడవాళ్లను పెట్టుకుని ఆమె స్టెబిలైజర్లు తయారుచేసేది. లోపలికి కరెంటు హెచ్చుతగ్గులుగా వచ్చినా బయటికి రెండొందల ఇరవై నిలకడగా పంపాలి, స్టెబిలైజరు పని అంతే. టీకా మందులు దాచే ఫ్రిజ్‌ల కోసం ఒక పెద్ద ఆసుపత్రి వాళ్లు ఆమె దగ్గర తీసుకుంటామన్నారు, కాకపోతే ముందు మా రిపోర్టు తెమ్మన్నారు. పాస్ అని ఉంటే ఆర్డరు ఆమెది. ఫెయిల్ అని ఉంటే ఆమె వెనక కాచుకుని ఉన్న ఇంకొకడిది. ఈ సంగతి ఆమె దాచుకోలేదు, లోపలికి అడుగు పెడుతూనే చెప్పింది.

"జర మంచిగ చూడుండ్రి సార్. దవాఖానోళ్ల పని ఒక్కటి దొరికితే మా ముగ్గురికి ఏడాది దాక ఫికర్ ఉండది."

లోపలికి వెళ్లే కరెంటుకు ఒక మీటరు, బయటికి వచ్చే కరెంటుకు ఒక మీటరు పెట్టాను. లోపలికి రెండొందల నలభై ఇచ్చాను. బయటి మీటరు మీద రెండొందల ఇరవై, కదలకుండా నిలబడింది. మంచి సరుకు. తెర మీద మాత్రం రెండు గళ్లలోనూ రెండొందల అరవై. అది ఏ మీటరూ అనని మాట. తొమ్మిదీ అని పిలవగానే రెండూ ఒకేసారి పలకడంతో అంకెలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, రెండింటిలో ఒకేలా ఉన్నవి అట్లాగే నిలిచి, తేడా ఉన్న నడిమి నాలుగూ రెండూ కాస్తా ఆరయ్యాయి.

తన గదిలో అదే అంకె చూసిన యజమాని, నెట్‌వర్కు పెట్టుకున్నది నడవకుండా ఉండడానికే అయినా, నడిచి వచ్చారు.

"లోపలికి రెండొందల అరవై, బయటికి రెండొందల అరవై. మరి ఈ డబ్బా చేసే పని ఏంది? ఫెయిల్ అని రాసియ్యి."

"మీటర్ మీద రెండొందల ఇరవై కనబడుతలేదా సార్ మీకు?" అంది ఆమె. ఆమెది మెత్తని గొంతు కాదు.

"మీటరు పాతదమ్మా. కంప్యూటరు కొత్తది."

నేను టేపు మీద చెయ్యి వేశాను. ఒక్క నంబరు మారిస్తే చాలు, నిమిషం పని. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ముహూర్తం చూడకుండా ఆ టేపు తియ్యకూడదట. పోనీ ఒక మీటరు ఆపేసి చూపిస్తానంటే, పూజ చేసిన పరికరాన్ని పని మధ్యలో ఆర్పడం అశుభమట. నాకు కోపం నషాళానికి అంటింది. కంప్యూటరు, తెర, ప్రింటరు మూడింటికీ కరెంటు వెళ్లే ఎక్స్‌టెన్షన్ బోర్డు ప్లగ్గును గోడ నుంచి పీకి ఆమె స్టెబిలైజరుకు తగిలించాను.

"రెండొందల అరవై అయితే మీ కంప్యూటర్ ఆగమైతది సార్. చూద్దాం," అన్నాను.

దానికేమీ కాలేదు. నింపాదిగా లేచి, తెర వెలిగించుకుని, తాను తాగుతున్నది రెండొందల ఇరవై అయినా మళ్లీ రెండు గళ్లలోనూ రెండొందల అరవై చూపించింది. ఇప్పుడైనా ఈ మనిషికి సిగ్గు వస్తుందని ఆశపడ్డాను.

"చూసినావా," అన్నారు యజమాని. "దాని కడుపులోకి పోయే కరెంటు ఎంతో అదే చెప్తాంది. ఇంక వేరే సాక్షి ఎందుకు?"

నేను సంతకం పెట్టనన్నాను. తానే పెడతానన్నారు. కొలవడం రాని మనిషి కొలత కింద సంతకం పెట్టడానికి ఆ అద్దాల మేడలో అడ్డేమీ లేదు.

ప్రింటరు కీచుమంటూ రిపోర్టు కొట్టింది. ఆమె స్టెబిలైజరు ఇచ్చిన కరెంటు తాగుతూ, ఆమె స్టెబిలైజరు పనికిరాదని ఒక్క అక్షరం చెదరకుండా కొట్టింది. యజమాని సంతకం చేసి ఇచ్చారు. ఆ కాగితంతో ఆర్డరు పోయినట్టేనని గదిలో అందరికీ తెలుసు. ఆమె దాన్ని చదివి, మడిచి, సంచీలో పెట్టుకుంది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను, నాకే ఏడుపు వచ్చేలా ఉంది.

ఆమె వంగి మా బోర్డు ప్లగ్గును తన స్టెబిలైజరులోంచి పీకేసింది. తెర నల్లబడింది. యజమాని అదిరిపడి, కంప్యూటరును అట్లా ఆపకూడదని, పాడైపోతుందని అరిచారు.

"ఇది ఖరాబ్ డబ్బా కద సార్," అంది ఆమె, స్టెబిలైజరును చంకనెత్తుకుంటూ. "మీ మంచి కంప్యూటర్‌కు గీ కరెంటు ఎందుకు?"