కిటికీ దగ్గర ఊరికే కూర్చున్నందుకు

పెళ్లిరోజుకి ఏం కావాలని మా ఆయన అడిగితే చీర అడగలేదు, బొమ్మ అడిగాను. ఫోన్‌లో చూసీ చూసీ మనసు పారేసుకున్న బొమ్మ అది. ఎప్పుడో చనిపోయిన ఒక అమెరికా చిత్రకారుడు వేసింది. ఆయన ఉన్నది ఉన్నట్టు వేసే మనిషి. దేవతలుండరు, జలపాతాలుండవు. ఖాళీ వీధులు, పెట్రోలు బంకులు, రైలు పెట్టెలో ఒక్కతే కూర్చుని చదువుకునే ఆడమనిషి. నేనడిగిన బొమ్మలో ఒకావిడ మంచం మీద మోకాళ్లు ముడుచుకుని, కిటికీలోంచి వచ్చే పొద్దుటి ఎండకేసి చూస్తూ ఉంటుంది. అంతే. ఆవిడ గదిలోకి ఎవరూ రారు, ఆవిడని ఎవరూ పిలవరు. ఈ బెంగాలీ ఊళ్లో, రైల్వేవాళ్ల ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లో, గోడకి గోడ ఆనుకున్న ఇళ్ల మధ్య కాపురం చేసేదానికి అంతకన్నా ఏం కావాలి?

బొమ్మ వచ్చింది. బైబిలు వాక్యాల క్యాలెండరు పక్కన తగిలించాం. మా అత్తగారు కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఈ గుంటకి ఏటయ్యింది?"

"ఏటీ అవలేదత్తా. ఎండ సూస్తోంది."

"ఎండ సూడ్డానికి మంచమెక్కాలేటి? మొగుడు ఒగ్గేసుంటాడు. అన్నం తిన్నాదో నేదో!"

మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన దృష్టి ఆవిడ మీద కాదు, కిటికీ మీద పడింది. "సువ్వల్లేవు. దొంగలు రారా?" అన్నారు.

ఆ పూట నుంచి భోజనం ముందు ప్రార్థనలో అత్తగారు ఒక మాట కలిపారు: "గోడ మీద గుంటని కూడా ఆదుకో తండ్రీ."

ఒకరోజు పొద్దున్నే పని తెముల్చుకున్నాను. అత్తగారు చేపలకి బజారెళ్లారు. కిటికీలోంచి మంచి ఎండ పడుతోంది. ఇంకేం, మంచమెక్కి, మోకాళ్లు ముడుచుకుని, అచ్చం ఆవిడలాగే కూర్చున్నాను. ఎంత హాయి! ఆ హాయి పక్కింటి వదిన సందులోంచి తొంగిచూసేదాకా నిలిచింది.

"ఏటి వదినా, అలగ కూకున్నావు?"

"ఊరికే."

"ఊరికే ఎవులైనా కూకుంటారేటి?" అని గుండెల మీద చెయ్యేసుకుని వెళ్లిపోయింది.

అక్కడే దెబ్బతిన్నాను. 'జ్వరం' అన్నా సరిపోయేది. నా 'ఊరికే' సందు చివరికి వెళ్లేసరికి ఏడుపైంది. ట్రాఫిక్ కాలనీ చేరేసరికి మొగుడితో తగువైంది. ఊరి అవతల మలంచాలో ఉన్న మా అక్క చెవిన పడేసరికి నేను పెట్టె సర్దేసుకున్నానట. అక్క ఆటో కట్టించుకుని వచ్చి నన్ను పట్టుకుని భోరుమంది. వెనకాలే మా ఆయన, చేతులకి గ్రీజుతోనే సైకిలు తొక్కుకుంటూ వచ్చారు.

"నానేటన్నానే నిన్ను? రాత్రి కూర బాగుందనే కదా అన్నాను!"

చేపల సంచితో అత్తగారు, అత్తగారి వెనక పాస్టరుగారు. ఆయన్ని దారిలో ఆపి మరీ తీసుకొచ్చారట. ఎదురింటి బెంగాలీ దీదీ గుమ్మంలో నిలబడి "కీ హోలో? కీ హోలో?" అని, ఏమైందో చెప్పమని అందర్నీ అడుగుతోంది. చూస్తుండగానే నా మంచం మీద నాకే చోటు లేకుండా పోయింది.

"ఆ బొమ్మలాగ కూకుందామనుకున్నాను, అంతే!" అని అరిచాను.

అందరూ గోడకేసి తిరిగారు. అత్తగారే ముందు తేరుకున్నారు. "నాను ముందే సెప్పనేదా, ఆ గుంటకి ఏదో బాధుందని! మనింట్లో కూడా అంటించేసింది."

పాస్టరుగారు మాత్రం బైబిలు చంకలో పెట్టుకుని బొమ్మ దగ్గరికి వెళ్లారు. ప్రార్థన సంగతి మరిచిపోయినట్టున్నారు. జేబులో ఫోన్ మోగితే చూడకుండానే కట్ చేశారు. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశారు.

"ఈవిడకి ఫోన్ లేనట్టుందమ్మా," అన్నారు చివరికి, చాలా నెమ్మదిగా. ఆ గొంతులో నాకు జాలి వినపడలేదు, అసూయ వినపడింది.

తర్వాత ఆయన ప్రార్థన చేశారు, చాలా పొట్టిది. వచ్చినవాళ్లంతా చేపల పులుసు తినే వెళ్లారు. గిన్నెలు తోమేసరికి ఎండ ఇంటి వెనక్కి తిరిగిపోయింది.

మర్నాడు బెంగాలీ దీదీ దొడ్డిదారిన వచ్చింది. ఆవిడకి మా తెలుగు బాగానే వచ్చు. గొంతు తగ్గించి అడిగింది: "మీ జానలా, అదే కిటికీ, దగ్గర నేను కొంచెం కూకోనా దీదీ? మా ఇంట్లో అయితే అందరూ పిలుస్తారు."

మంచం మీద దుప్పటి మార్చి, తలుపు దగ్గరగా వేసి వచ్చాను. సంగతి చెప్తే అత్తగారు తిడతారనుకున్నాను. ఆవిడ చీపురు పట్టుకుని గుమ్మంలో కాపలా కూర్చున్నారు.

దీదీ ఎండని చూసింది లేదు. కూర్చున్నచోటే ఒరిగిపోయి గురక మొదలెట్టింది. సందులో వెళ్తున్న పక్కింటి వదిన టక్కున ఆగింది.

"లోపల ఎవులండీ?"

"మా పాత ఫ్యాను," అన్నారు అత్తగారు, గుమ్మం ఊడుస్తూ. "తిరిగితే అలాగే మోగుతాది. నువ్వెల్లమ్మా."