కళ్ళు మూసుకుంటేనే మాట

కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ మాస్టారికి మాటలు రావని ఆ వీధిలో అందరూ అనుకునేవారు. అది పూర్తిగా నిజం కాదు. సాయంత్రం షాపు కట్టేసి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఇంట్లోవాళ్ళంతా చాప మీద చేరాక ఆయన కళ్ళు మూసుకునేవాడు. అంతే, గండి పడ్డట్టు మాటలు వచ్చిపడేవి. పగలంతా పెదవి విప్పని మనిషి దేవుడి దగ్గర మాత్రం ఏదీ దాచుకునేవాడు కాదు.

దీనివల్ల ఇంట్లోవాళ్ళకు ఒక సదుపాయం ఉండేది. కూరలో ఉప్పు ఎక్కువైతే ఆయన కిక్కురుమనకుండా తినేసి, మర్నాడు ప్రార్థనలో "ప్రభువా, నీ దాసురాలి చేతికి కొలత నేర్పు" అనేవాడు. కూతురి చదువు మీద బెంగ, అద్దె ఇంటి యజమాని మీద కోపం, అన్నీ అక్కడే తేలేవి. "నాతో చెప్పాల్సినవన్నీ దేవుడికి చెప్తారు. ఆయన లోకాన్ని వదిలేసి మన కూర రుచి చూడాలి" అని భార్య మూతి తిప్పుకునేది. కానీ పెళ్ళయిన కొత్తలో ఈయనకు తనంటే ఎంత ప్రాణమో ఆవిడ తెలుసుకున్నదీ అలాగే, తలవంచుకుని, కళ్ళు మూసుకుని. అందుకే మరీ గట్టిగా దెబ్బలాడేది కాదు.

అలవాటు చిన్నప్పటిది. తల్లి పోయాక ఆయన బాబాయి ఇంట్లో పెరిగాడు. అక్కడ నోరెత్తితే వీపు చిట్లేది. ప్రార్థన చేసుకుంటున్న పిల్లాణ్ణి మాత్రం ఎవరూ కొట్టేవారు కాదు. మీసాలు మొలిచే వయసులో ఒక ముసలి మెకానిక్, ఆయన భార్య, వేసవి సెలవుల్లో ఈయన్ని ఇంట్లో పెట్టుకుని, కడుపునిండా పెట్టి, పని నేర్పారు. ఆ వేసవి లేకపోతే తను ఏమైపోయేవాడో ఆయనకు బాగా తెలుసు. అందుకే సొంత షాపు పెట్టుకున్నాక ప్రతి వేసవీ చర్చికి వచ్చే కుటుంబాల్లో ఇల్లు సరిగా లేని మగపిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని తెచ్చుకునేవాడు. సెలవులయ్యేదాకా వాళ్ళు ఆ ఇంటి పిల్లలే. మాస్టారు మామయ్య, ఆయన భార్య అత్తయ్య. పగలు షాపులో పని, సాయంత్రం ప్రార్థన, మధ్యలో అత్తయ్య చేతి తిండి, అత్తయ్య నోటి చీవాట్లు.

ఆ ఏడు ముగ్గురొచ్చారు. పొడుగోడు, వాగుడుకాయ, ఇంకొకడు. ఆ ఇంకొకడు అడిగితే తప్ప మాట్లాడడు, అడిగినా ఒక్క ముక్కే. వాణ్ణి అందరూ ముంగి అనేవారు. "ఇంట్లో ఒక ముంగి చాలడని జోడు తెచ్చారా?" అంది భార్య, వాడి కంచంలో ఇంకో గరిటె వడ్డిస్తూ.

వాడి చెయ్యి మాత్రం మంచిది. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన తీగ లాగేసి, గాడుల్లో మసి గీకి, వాటికి కాగితం తొడగాలి. కొత్త రాగి తీగను చెక్క అచ్చు మీద చుట్టి, ఆ చుట్టలను గాడుల్లోకి దించాలి. తీగ మీది పూత చాలా పల్చన. తొందరపడి నొక్కితే గీరుకుపోతుంది. పైకి ఏమీ తెలియదు, కరెంటు ఇచ్చాక మొత్తం మాడిపోతుంది. వాగుడుకాయ అలా రెండు మోటార్లు తగలేశాడు. ముంగి మాత్రం నున్నటి పుల్లతో ఒక్కో తీగనే నిదానంగా లోపలికి జరిపేవాడు. చూస్తుంటే మాస్టారికి కడుపు నిండేది. ఆ మాట కూడా వాడితో అనలేదు, సాయంత్రం దేవుడితో అన్నాడు.

ఒక మధ్యాహ్నం మిగతా ఇద్దరూ మోటారు అప్పగించడానికి వెళ్ళారు. ముంగి పనిలోంచి తలెత్తకుండానే నోరు విప్పాడు.

"మామయ్యా, మా నాన్న మెట్ల మీంచి జారిపడలేదు. నేనే తోశాను."

మాస్టారి చేతిలో వార్నిష్ కుంచె ఆగిపోయింది. వాడి తండ్రి తాగి మెట్ల మీద జారాడని, కాలు విరిగి మూటలు మోసే పని పోయిందని అందరికీ తెలుసు. తండ్రి స్వయంగా అలాగే చెప్పుకున్నాడు.

"అమ్మని కొడుతున్నాడు. అడ్డం వెళ్ళాను. మత్తులో ఉన్నాడు కదా, ఆయనకి గుర్తులేదు. అమ్మ మొహం కప్పుకుని ఉంది, చూళ్ళేదు. ఎవరికీ చెప్పలేదు."

మాస్టారికి గుండె నీరైపోయింది. వాడి భుజం మీద చెయ్యి వేశాడు. చొక్కా మీద వార్నిష్ మరక పడింది. అప్పుడు ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండేది. ఆ పెద్దమనిషి మాటలన్నీ సాయంత్రానికి దాచిపెట్టుకున్నాడు.

సాయంత్రం అందరూ తలలు వంచారు. "తండ్రీ, కన్నతండ్రిని మెట్ల మీంచి తోసిన ఈ బిడ్డను చూడు. వీడు దుర్మార్గుడు కాడు ప్రభువా, తల్లిని కాపాడుకోబోయాడు. ఈ బరువు వీడొక్కడే మొయ్యలేడు" అంటూ మొదలుపెట్టాడు. కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. అంత మనసు పెట్టి ఆయన ఎన్నడూ ప్రార్థించలేదు. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి ముంగి కూర్చున్న చోటు ఖాళీగా ఉంది. వాగుడుకాయ నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాడు.

"ఎంత పని చేశారండీ" అంది భార్య.

"దేవుడికేగా చెప్పాను."

"దేవుడికైతే మనసులో చెప్పినా వినపడుతుంది. మీరు చెప్పింది మా అందరికీ."

ఆదివారానికల్లా సంగతి ఊరంతా పాకింది. చర్చి బయట ఆడా మగా "ఆ కుటుంబం కోసం ప్రార్థించాలి" అంటూ చెవులు కొరుక్కున్నారు. ప్రార్థన అని పేరు పెడితే చాడీ కూడా భక్తిలాగే వినిపిస్తుంది, ఏం చేస్తాం. ముంగి రాలేదు. వాడి తల్లీ రాలేదు. షాపులో వాడు సగం చుట్టిన మోటారు మీద మాస్టారు గుడ్డ కప్పి, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. సాయంత్రం కళ్ళు మూసుకుంటే ఒక్క మాటా రావడం లేదు.

"ఇక్కడ మోకరిస్తే వాడు రాడు. లేచి వాళ్ళింటికి వెళ్ళండి" అంది భార్య చివరికి.

వెళ్ళాడు. పాత మేడ, బయటినుంచి సిమెంటు మెట్లు. కింది మెట్టు మీద తండ్రి చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. మాస్టారు ఏదో అనబోయాడు. తండ్రే ముందు అన్నాడు.

"నన్ను తోసిందెవరో నాకు తెలీదనుకున్నారా మాస్టారూ? పడేటప్పుడు నేను చూసింది వాడి మొహమే. జారానని నేనే అందరికీ చెప్పుకున్నాను. వాడికి నేను చేసిన మంచి అదొక్కటే. అదీ పోగొట్టారు." గొంతు తగ్గించాడు. "ఇప్పుడు వాడు నా మొహం చూడ్డం లేదు. నాకు ముందే తెలుసని వాడికి చెప్దామంటే నోరు రావట్లేదు."

మాస్టారు మంచి చేస్తున్నాననుకుని ఒక తండ్రి దగ్గరున్న ఒకే ఒక్క మంచిని పాడుచేశాడు. సిగ్గుతో తలదించుకుని పైకెక్కాడు.

ముంగి పై వరండాలో గోడకు చేరగిలి కూర్చున్నాడు. అదే చొక్కా, భుజం మీద అదే మరక. మాస్టారు వాడి ఎదురుగా చతికిలబడ్డాడు. చేతులు వాటంతటవే జోడయ్యాయి, కళ్ళు మూతపడ్డాయి.

"ప్రభువా..."

"కళ్ళు మూసుకోకండి మామయ్యా" అన్నాడు ముంగి. "నాతో చెప్పండి."

ఆయన కళ్ళు తెరిచాడు. ఎదురుగా పిల్లవాడి మొహం ఉంది, ఎర్రబడిన కళ్ళతో. అలా ఒక మనిషి మొహంలోకి చూస్తూ మనసులో మాట చెప్పడం ఆయనకు చేతకాని పని.

"తప్పు చేశాన్రా" అన్నాడు. "నువ్వు నన్ను నమ్మి చెప్పావు. నీతో మాట్లాడ్డానికి భయమేసి... దేవుడి వెనకాల దాక్కున్నాను."

మీ నాన్నకు ముందే తెలుసురా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో పిల్లవాడి బరువు సగం దిగిపోతుంది. మాస్టారు పళ్ళు బిగించి దాన్ని మింగేశాడు. అది తన మాట కాదు.

"మీ నాన్న కింద కూర్చున్నాడు. నీకొక సంగతి చెప్పాలని ఆయనకుంది, నోరు రావట్లేదు. వెళ్ళి పక్కన కూర్చో. అదేంటో నేను చెప్పను."

ముంగి లేచి మెట్లు దిగాడు. మాటలు చెవిన పడకుండా మాస్టారు వరండా ఆ చివరికి వెళ్ళి నిలబడ్డాడు. తిరిగి వచ్చి తొంగిచూసేసరికి కొడుకు ఒక మెట్టు పైన కూర్చుని ఉన్నాడు. తండ్రి చెయ్యి వాడి మోకాలి మీద ఉంది. ఇద్దరూ ఏడుస్తున్నారు.

మర్నాడు ముంగి షాపుకొచ్చి, గుడ్డ తీసి, ఆపిన చోటినుంచి మొదలుపెట్టాడు. "నీ చెయ్యి మంచిదిరా" అన్నాడు మాస్టారు, వాడితోనే.

ఆ సాయంత్రం ప్రార్థనలో "ప్రభువా, మా సంగతులు నీకు తెలుసు. ఆమేన్" అని ఊరుకున్నాడు. ఇంకా ఉంటుందేమోనని అందరూ తలలు వంచుకునే ఉన్నారు. తర్వాత కంచాల ముందు కూర్చున్నారు. మాస్టారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కాస్త తటపటాయించి, భార్య మొహంలోకి చూశాడు.

"ఉప్పెక్కువైంది" అన్నాడు.

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏదీ, మళ్ళీ అనండి" అంది.