ఎండిన మడుగు ఫోటో

తలకోన అడవిని వానల్లో, చలిలో, ఎండల్లో ఫోటోలు తీయడం నాకు అలవాటు. కొన్నేళ్ళ కిందట ఒక కార్తీకంలో అక్కడినుంచి తిరుపతి బస్సులో వస్తూ, ఆనాటి ఫోటోలు చూసుకుంటున్నాను. పక్కన కూర్చున్న యాభై ఏళ్ళ మనిషి జలపాతం కింది నిండు మడుగు ఫోటో చూసి ముఖం తిప్పుకున్నాడు. కాసేపటికి అడిగాడు.

“ఈ మడుగు ఎండిపోయినప్పుడు తీసిండే ఫోటో ఉండాదా అప్పా?”

మే నెలలో తీసింది ఫోన్లో ఉంది. అందులో బండలు, రాలిన ఆకులు తప్ప చుక్క నీరు లేదు. ఆయన చాలాసేపు చూశాడు.

“మా పిల్లోడు ఈడనే మునిగిపోయినాడు. రెండేండ్లయింది. వాడింకా నీళ్ళల్లోనే ఉండాడు, సలికి వణకతా ఉంటాడని మా ఇంటామె నిద్రపోదు. ఇది సూపిస్తే నమ్ముతాదేమో. నా ఫోనుకు పంపిస్తావా?”

పంపించాను. ఆయన తలూపి చంద్రగిరిలో దిగిపోయాడు.

అప్పటినుంచి ప్రతి మే నెలలో ఎండిన మడుగు ఫోటో ఒకటి ఆయనకు పంపుతున్నాను. జవాబు ఎప్పుడూ రాలేదు.

ఈ ఏడాది అకాల వర్షాలకు మడుగు ఎండలేదు. గట్టున చాలాసేపు నిలబడి, ఫోటో తీయకుండానే తిరిగొచ్చాను. జూన్‌లో ఆయన మొదటిసారి ఫోన్ చేశాడు.

“ఈ తూరి పంపలేదే అప్పా? మా ఇంటామె అడగతా ఉండాది.”

పాత ఫోటో ఒకటి వెతికి పంపించాను.