నూరు దండాలు

హోసూరులో మా వీధి చివర, మందుల అంగడి పైన రెండో అంతస్తులో ఉన్న జిమ్ముకు పోను గాక పోనని మూడేళ్లు మొండికేసి, చివరికి నా రక్తంలో చక్కెర తీగపాకం దాటి ముదురుపాకానికి వచ్చిందని డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టేసిన తర్వాత, నా పొట్ట ముందు నడుస్తుంటే దాని వెనకాలే నేను మెట్లెక్కినాను. తలుపు తీయగానే రబ్బరు చాపల వాసన, ఇనుప గుండ్ల వాసన, ముప్పై మంది మగవాళ్ల వాసన గుంపుగా వచ్చి మీద పడినాయి. వాటికి నేను జంకలేదు. కానీ ఆ జిమ్ము యజమాని దేవుడంటే భయం ఉన్న మనిషి. పొద్దున్నే డంబెల్సుకు పసుపూ కుంకుమా పెట్టి, నిలువుటద్దం పక్కన ఉన్న అమ్మవారి పటానికి కర్పూరం వెలిగిస్తాడు. ఆ కర్పూరమూ ఆ చెమటా కలిసిన వాసన తగలగానే నేను గుడికి వచ్చినట్టు గడప దగ్గరే చెప్పులు విడిచినాను. ఆ వాసన నాకు పాతదే. నా పదో ఏట అది మా ఇంట్లోంచి ఒక మనిషిని తీసుకొని పోయింది.

కుందారపల్లి దగ్గర, మెయిన్ రోడ్డు పక్కనే మా అవ్వ ఇల్లు ఉండేది. మా నాయన హోసూరు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తూ ఆదివారానికి ఒకసారి చుట్టంలాగా వచ్చిపోయేవాడు గనక నేనూ అమ్మా అవ్వ దగ్గరే ఉండేవాళ్లం. ఎండాకాలం వస్తే ఆ ఇంట్లో మనుషులకు చోటు ఉండేది కాదు. మంచాల కింద, మూలల్లో, వడ్ల బస్తాల సందుల్లో గడ్డి పరిచి మామిడికాయలు మాగేసేవాళ్లు. మేం ఊపిరి పీల్చినా మామిడిపండే, వదిలినా మామిడిపండే. ఉగాదికి అమ్మ చేసే ఓళిగలు, అవే బొబ్బట్లు, ఎంత వెడల్పంటే, ఒకటి పరుచుకొని ఇంకొకటి కప్పుకొని హాయిగా నిద్రపోవచ్చు. చలికాలం పొద్దుల్లో రోడ్డు మీద మంచు ఎంత దట్టంగా దిగేదంటే, మేం బొంగరం విసిరితే అది ఎవరి బొటనవేలి మీద తిరుగుతోందో ఆ వేలి సొంతదారు అరిస్తే గానీ తెలిసేది కాదు.

ఆ ఇంటికి దూలం లాంటివాడు మునెప్ప మామ, మా అమ్మకు అన్న. పెండ్లి చేసుకోలేదు. మామిడి మండీలో కాయల బుట్టలు ఎత్తే పని. ఇద్దరు ఎత్తే బుట్టను ఆయన ఒక చేత్తో లేపి, రెండో చేత్తో మీసం దువ్వుకొనేవాడు. ఆయన తినే సంగటి ముద్ద దించితే ఇత్తడి పళ్లెం మూలిగేది. చిన్నప్పుడు కృష్ణగిరిలో తమిళ బడికి పోయినాడు. ఆ చదువులో ఆయనకు మిగిలిందల్లా కసరత్తు అయ్యవారు నేర్పిన ఒక్క మాట, దండాల్. నేలకు బోర్లా వాలి, చేతుల మీద లేచి దిగే కసరత్తును తమిళంలో అట్లా అంటారు. దానికి మన తెలుగు 'లు' తగిలించి మామ 'దండాలు' అనేవాడు. పొద్దున్నే ముప్పై దండాలు తీయనిదే పండ్లు తోమేవాడు కాదు.

నాకు ఆరేళ్లప్పుడు జ్వరం వచ్చింది. మామూలు జ్వరం గాదు, నా పొట్ట మీద అప్పడం పెడితే పొంగేదని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. అయిదో రోజు నేను కళ్లు తెరవలేదు. అప్పుడు అవ్వ గోడ మీది మారెమ్మ పటం ముందు నిలబడి, అరచేతిలోనే కర్పూరం వెలిగించి, గట్టిగా మొక్కుకొనింది.

"తల్లీ, బిడ్డ లేచి కూసుంటే ఏడేండ్లు దినామూ నూరు దండాలు నీకు. ఒక్క దినం తప్పినా, నువ్విచ్చింది నువ్వే తీసుకో."

గడప దగ్గర నిలబడి విన్నది మామ ఒక్కడే. మూడో రోజుకు నేను లేచి కూర్చొని సంగటి అడిగినాను. నాలుగో రోజు పొద్దున పొయ్యి ముందు అవ్వ పక్కకు ఒరిగిపోయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు, నోట్లో మాట, మూడూ ఒకేసారి పోయినాయి. ఏం మొక్కుకొనిందో గానీ అమ్మోరు కూలి ముందే పట్టుకొనిందని వీధి ఆడవాళ్లు గుసగుసలాడినారు.

ఇంక మొక్కు సంగతి తెలిసినవాడు మామ. మన తెలుగులో దండాలు పెడతాం, మామ భాషలో దండాలు తీస్తాం. అవ్వ ఆ పూట 'పెట్టిస్తాను' అని ఒక్క మాట చివర తగిలించి ఉంటే ఈ కథే లేదు. తెలుగు వ్యాకరణంలో ఒక క్రియ లోపిస్తే మనిషి ప్రాణం పోతుందని ఏ అయ్యవారూ నాకు బడిలో చెప్పలేదు.

మరుసటి రోజు తెల్లవారగానే మామ పటం ముందు కర్పూరం వెలిగించి నేలకు వాలినాడు.

"పిలకాయ ఇంకా తీయలేడు గదమ్మా. వానికి బలం వచ్చేదాకా వాని దండాలు నేను తీస్తాను."

తన ముప్పై కాక నా నూరు. ఆయన వాలితే ఇల్లు వాలేది, లేస్తే పెంకులు లేచేవి. ఆయన అరచేతులు పడే చోట నేల రెండు గిన్నెల్లాగా గుంటలు పడింది. వానాకాలం కారిన నీళ్లు వాటిలో నిలబడితే పిచ్చుకలు స్నానం చేసి పోయేవి. అన్నీ నవ్వుకొనేటట్టే ఉండేవి, మంచం మీద అవ్వ కళ్లు తప్ప. మామ లెక్క మొదలుపెట్టగానే ఆ కళ్లు గుండ్రంగా తెరుచుకొనేవి. గొంతులోంచి "ద... ద..." అని ఒక గురక లాంటి చప్పుడు వచ్చేది. కుడి చెయ్యి మెల్లగా లేచి, రొమ్ము దాకా వచ్చి, అయిదు వేళ్లూ నిటారుగా నిలబెట్టి గాల్లో ఆగిపోయేది.

"చూస్తివా? అయిదు వేళ్లు చూపిస్తాంది మాయమ్మ. ఇంకో అయిదు తీయమంటాంది!" అని మామ చెమటలో నవ్వుతూ ఇంకో అయిదు తీసేవాడు. ఆమె చెయ్యి మళ్లీ లేచేది. ఇంకో అయిదు. గోడ మీది బల్లి టిక్ టిక్ అనేది. కర్పూరం పొగ పైకి పోకుండా, నేల వెంట పాకుతూ మామ ముక్కు కిందికి పోయేది. ఏడాదికి మూడు వందల అరవై అయిదు రోజులూ ఇదే. జ్వరమొచ్చినా, మండీలో కాలు బెణికినా, మారెమ్మ జాతరకు ఊరంతా బియ్యప్పిండీ బెల్లమూ కలిపి చేసిన తంబిట్టు దీపాలు ఎత్తుకొని పోతున్నా, మామ నూరు పూర్తి చేసి వెళ్లేవాడు.

నాకు తొమ్మిదేళ్లు నిండినాక మామకు మండీలో రొమ్ము పట్టుకొనింది. కృష్ణగిరి డాక్టరు దగ్గరికి నన్ను తోడు తీసుకొని పోయినాడు. డాక్టరు గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు, లోపల ఎవరో రహస్యం చెప్తున్నట్టు. "బరువు ఎత్తొద్దు. కసరత్తు మాట తలవొద్దు. ఈ గుండె ఎక్కువ రోజులు మోయదు" అన్నాడు. బయటికొచ్చి మామ నాకు నాలుగు వడలు కొనిచ్చి, తాను ఆరు తిని, చెయ్యి తుడుచుకొన్నాడు.

"మీ అమ్మకు గ్యాసని చెప్తాం. ఇంకో మాట చెప్పినావంటే నాలిక కోస్తా."

"నువ్వు ఆపేయ్ మామా."

"ఆపితే నిన్ను తీసుకుంటాది గదరా. నువ్వు నూరు తీసే దినం నేను ఆపేస్తా. బిన్నా నేర్చుకో, ఆలస్యం చేయొద్దు."

అట్లా మామ ప్రాణం నా రెండు చేతుల్లోకి వచ్చింది. ఆ చేతులేమో మునక్కాయల మాదిరి ఉండేవి. స్నేహితులు గోలీలు ఆడుతుంటే నేను మామిడికాయల గడ్డి మీద దండాలు తీసేవాణ్ణి. పది, పద్దెనిమిది, ఇరవై ఆరు. ఉలవ గుగ్గిళ్లు తిన్నాను, పచ్చి గుడ్లు మింగినాను, మామ మీసం మాదిరి బొగ్గుతో మీసం గీసుకొని కూడా చూసినాను. ముప్పై ఏడు దగ్గర నా చేతులు ఆగిపోయినాయి. నెలలు గడిచినా ముప్పై ఎనిమిది రాలేదు. మామ ఊపిరిలో మాత్రం కొత్తగా ఒక ఈల చేరింది. నేను పడుకొని దాన్నే లెక్కపెట్టేవాణ్ణి.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం, ఆటగా, ఒక మాగిన కాయను తీసుకొని అవ్వ చచ్చుబడిన ఎడమ చేతిలో పెట్టి, ఆ చెయ్యిని పైకెత్తి పట్టుకొన్నాను, వాసన చూపిద్దామని. కాయ జారి కింద పడింది. అంతలో అవ్వ కుడి చెయ్యి ఎప్పటి మాదిరి లేచి, రొమ్ము దాకా వచ్చి, ఈసారి గాల్లో ఆగకుండా నా చేతిలో ఉన్న ఎడమ అరచేతికి అతుక్కొనింది. రెండు చేతులూ జోడించి, అవ్వ మారెమ్మ పటం వైపు తల వంచింది. కంట్లోంచి నీళ్లు చెవి దాకా కారినాయి.

"ద... దండం" అన్నది.

నాలుగేళ్లుగా అవ్వ అయిదు వేళ్లు చూపించలేదు. రెండో చెయ్యి కలవక సగంలో ఆగిపోయిన దండం అది. కొడుకును ఆపడానికి ఆమె చెయ్యి లేపినప్పుడల్లా మేం ఆయనకు ఇంకో అయిదు అతికించినాం.

నేను మండీ దాకా చెప్పుల్లేకుండా పరిగెత్తినాను. మామ బుట్ట దించి, విని, దాని మీద ముసిరిన ఈగలను తువ్వాలుతో తోలినాడు.

"నాలుగేండ్లు అమ్మోరు దీన్నే తీసుకొనింది గదప్పా" అన్నాడు. "ఇప్పుడు పోయి, తల్లీ తప్పు జరిగింది, అది గాదంట, ఇదంట అంటే, సరే నేనూ తప్పుగానే ఇచ్చినాను, పిలకాయను వెనక్కి తే అంటే నేనేం జేసేది?"

"మరి?"

"రెండూ చేద్దాం. నువ్వు పెట్టు. నేను తీస్తా."

ఆ వారం రోజులు నేను చేతులు జోడించి నూరు దండాలు పెట్టినాను, పక్కనే మామ నూరు తీసినాడు. ఎనిమిదో రోజు పొద్దున గాలి లేదు. కర్పూరం మంట సూదిలాగా నిలబడింది. అవ్వ కన్ను రెప్ప వేయలేదు. మామ గట్టిగా లెక్కపెడుతూ అరవై దాటినాడు. అరవై ఒకటి. అరవై రెండు. అరవై మూడు అని చెప్పి కిందికి దిగినాడు. అరవై నాలుగు వినపడలేదు. అరచేతులు ఆ రెండు గుంటల్లోనే ఉండినాయి.

అమ్మ కేక వేస్తూ వచ్చింది. వీధి వచ్చింది. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను మామ పక్కన నేలకు వాలి, అరవై నాలుగు నుంచి ఎత్తుకొన్నాను. ఎవరో నా చొక్కా పట్టి లాగితే చిరిగిపోయింది గానీ నేను లేవలేదు. నా చేతుల్లో ఉన్నవన్నీ అయిపోయేటప్పటికి నా నోట్లోంచి వచ్చిన అంకె నూరు.

మిగిలిన మూడేళ్లూ అమ్మ నాచేత దండాలు పెట్టించే మొక్కు తీర్చింది. అమ్మోరు ఒప్పుకొనిందో లేదో ఎవరూ అడగలేదు. అవ్వ ఆ వానాకాలం దాటలేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ ఇల్లూ, మామిడికాయలు మాగిన మూలలూ, పిచ్చుకలు స్నానమాడిన రెండు గుంటలూ తారు కిందికి పోయినాయి. కృష్ణగిరికి పోయేటప్పుడు బస్సు అక్కడికి రాగానే చిన్నగా ఎగురుతుంది. నేను కమ్మీ గట్టిగా పట్టుకొంటాను.

జిమ్ములో నాకు కసరత్తు నేర్పేది శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రాడు. మధ్యాహ్నం ఫ్యాక్టరీ, పొద్దున ఇక్కడ. నేను చేరి ఎనిమిది నెలలైంది. ఒక్క రోజు మానలేదు. పండగని ఆ కుర్రాడు రాకపోయినా నేను తాళం తీయించుకొని వచ్చి, కర్పూరం ముందు వాలి లేచి పోతాను. నా క్రమశిక్షణను అతను ఫోన్లో వీడియో తీసి అందరికీ చూపిస్తాడు. ఒక్కటే అతనికి మింగుడు పడదు.

"ఏటి సార్ ఇది, రోజూ ముప్పై ఏడు కాడే ఆపెత్తారు. మీకు ఊపిరుంది, బలముంది. ఆపీకండి సార్, నూరు చేసీగలరు!"

నేను లేచి, అరచేతులకు అంటిన రబ్బరు పొడి దులుపుకొంటాను. అద్దం పక్కన కర్పూరం అప్పటికే ఆరిపోయి ఉంటుంది.

"నూరూ అయినాయప్పా" అంటాను. "అరవై మూడు ముందే తీసేసినారు."