కంజిర మోగని ఆదివారం

మొన్న విశాఖలో పిల్లల డాక్టరు గారు మా మనవడిని చాలాసేపు ఆడించి, గమనించి, చివరికి వాడికి ఆటిజం ఉందనీ, దానికి తోడు ఒక్కచోట నిలవనివ్వని హైపర్ యాక్టివిటీ కూడా ఉందనీ, ఇది పెంపకంలో లోపం వల్ల వచ్చింది కాదనీ, ఓపికగా శిక్షణ ఇప్పిస్తే చాలా నేర్చుకుంటాడనీ మా కోడలికి నెమ్మదిగా చెబుతుంటే, పక్క కుర్చీలో ఉన్న నాకు ఆ మాటలు సగమే వినబడ్డాయి. మిగతా సగం మా తమ్ముడు మింగేశాడు. వాడు పోయి చాలా ఏళ్లయినా, ఆ రోజు నర్సీపట్నం బస్సులో ఇంటికి చేరేదాకా నా మనసంతా వాడే ఉన్నాడు.

మా చిన్నతనంలో ఇలాంటి పిల్లలకు పేరు లేదంటారు గానీ అది నిజం కాదు, మా వీధిలో తలా ఒక పేరు పెట్టారు. మొండిఘటం అన్నవాళ్లున్నారు, చెవుడన్నవాళ్లున్నారు, తల్లి గారాబం అన్నవాళ్లకైతే లెక్కే లేదు. తమ్ముడికి అయిదేళ్లు వచ్చినా నోట్లో ఉన్నది ఒక్కటే మాట, బస్సు. మా నాన్న కొయ్యూరు వెళ్లే బస్సులో కండక్టరు. ఎప్పుడైనా వాణ్ణి వెంట తీసుకుపోతే, ఇంట్లో ఒక్క క్షణం కుదురుగా ఉండని పిల్లవాడు కొండదారి ఘాటీ ఎక్కి దిగేంతసేపూ కిటికీకి చెంప ఆనించి కూర్చునేవాడట. అంత ఇంజను మోత భరించినవాడు, ఎవరైనా పక్కన చప్పట్లు కొడితే చెవులు మూసుకుని నేల మీద పడి దొర్లేవాడు. ఈ తేడా ఏమిటో మాకెవరికీ అర్థమయ్యేది కాదు, ఒక్క అమ్మకు తప్ప.

మాది మిషను వాళ్ల కాలం నుంచీ ఉన్న క్రైస్తవ కుటుంబం. చర్చిలో ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు చాపల మీద కూర్చునేవారు. నాన్న అన్నయ్యగారి భార్య, మా పెద్దమ్మ, స్త్రీల సమాజానికి పెద్ద. కంజిర వాయించడంలో ఆవిడను మించినవాళ్లు మా చుట్టుపక్కల లేరని ఇప్పటికీ అంటాను. ఆవిడ చేతిలో కంజిర లేచిందంటే ముసలివాళ్ల గొంతులకు కూడా వయసు తగ్గేది. సరిగ్గా అప్పుడే మా తమ్ముడు కేకలు పెడుతూ చాపల మీదుగా పరిగెత్తి, ఆరాధన నడిపే అయ్యగారి బల్ల మీది గుడ్డ లాగేసేవాడు. రెండు మూడు సార్లు ఓర్చుకున్నాక సంఘ పెద్దలు, పిల్లవాడు కాస్త కుదుటపడేదాకా అమ్మ వాణ్ణి పెట్టుకుని బయట అరుగు మీద కూర్చుంటే మంచిదన్నారు. కోపంగా అనలేదు, మర్యాదగానే అన్నారు. మర్యాదగా అన్న మాటకు ఎదురు చెప్పడం ఎంత కష్టమో మా తరం ఆడవాళ్లకు నేను వివరించక్కర్లేదు.

వాడికి అరుగే బాగుండేది. అందరూ విడిచిన చెప్పులను చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా బారుగా పేర్చుకుంటూ లోకం మరిచిపోయేవాడు. ఆరాధన అయ్యాక జనం తమ చెప్పులు ఆ బారులో ఎక్కడున్నాయో వెతుక్కోవడం నాకు మహా సరదా. చిక్కల్లా ప్రభువు బల్ల దగ్గర వచ్చింది. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే ఆదివారం ఎవరికి వారు ముందుకు వెళ్లి మోకరించి తీసుకోవాలి. నాన్నకు ఆదివారం సెలవు దొరకదు. నేను పట్టుకుంటే తమ్ముడు నన్నూ ఈడ్చుకుపోయేవాడు. అలా నెలలు గడిచినా అమ్మ బల్లకు వెళ్లలేకపోయింది. మా దగ్గర తప్పు చేసినవాళ్లనే కొన్నాళ్లు బల్లకు దూరం పెట్టడం ఆనవాయితీ. అందుకే ఒకసారి మాకవరపాలెం నుంచి వచ్చిన చుట్టపావిడ అరుగు మీద అమ్మను చూసి, పాపం ఈవిడ ఏం తప్పు చేసిందని పెద్దమ్మను చెవిలో అడిగింది. ఆవిడ చెవిలో అడిగినా, గుమ్మం పక్కనే ఉన్న అమ్మకూ నాకూ వినబడనే వినబడింది. అమ్మ తల వంచుకుని తమ్ముడికి చెప్పులు అందిస్తూ ఉండిపోయింది.

పెద్దమ్మ ఆ మాటకు చాలా బాధపడింది. పిల్లవాడు బాగైతే తోడికోడలు లోపలికి వస్తుందని, సమాజం ఆడవాళ్లందరినీ పోగుచేసి మా ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టింది. పొద్దుట్నుంచీ మంచినీళ్లయినా ముట్టకుండా వచ్చారు వాళ్లు. అంత ప్రేమతో వచ్చినవాళ్లను ఈనాటికీ నేను తప్పు పట్టలేను. కానీ తమ్ముణ్ణి మధ్యలో కూర్చోబెట్టి, చుట్టూ చేరి, అందరూ వాడి తల మీద చేతులుంచారు. వాడు అరిచేకొద్దీ లోపలున్నదేదో కదులుతోందని వాళ్లు గొంతు పెంచారు, వాళ్లు గొంతు పెంచేకొద్దీ వాడు ఇంకా అరిచాడు. చివరికి పెద్దమ్మ మణికట్టు పట్టి రక్తం వచ్చేలా కొరికాడు. ఎన్నడూ ఆవిడ ముందు గొంతెత్తని అమ్మ లేచి నిలబడింది.

"సెయ్యి తీసియ్యక్కా. నా కొడుక్కి దెయ్యం పట్టలేదు. నెత్తి మీద సెయ్యెడితే ఓర్సుకోలేడు, సప్పుడు ఓర్సుకోలేడు. అంతే."

ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. సాయంత్రం నాన్న డ్యూటీ దిగి రాగానే, తానిక ఆ అరుగు మీద కూడా అడుగుపెట్టనని అమ్మ చెప్పేసింది. పాటలంటే ప్రాణమైన మనిషి ఆ మాట ఎలా అనగలిగిందో అని నాకు భయం వేసింది, ఎందుకంటే అమ్మకు చర్చి తప్ప వేరే పుట్టిల్లంటూ లేదు.

ఆ వచ్చే ఆదివారమే బల్ల. పొద్దున్నే పెద్దమ్మ చేతికి పసుపు కట్టుతో మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కొరికిన సంగతి ఎత్తలేదు, క్షమాపణ మాటా ఎత్తలేదు.

"బేగి సీర మార్సుకో. నాను ఈడే నిలబడతాను," అంది.

అమ్మ కాసేపు బిగుసుకుని, తరవాత చీర మార్చుకుంది. పెద్దమ్మ లోపలికి వెళ్లింది, మేం ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. లోపల పాట మొదలైంది గానీ ఏదో వెలితిగా ఉంది. కిటికీలోంచి చూస్తే పెద్దమ్మ కంజిరను ఒళ్లో బోర్లించుకుని, దాని మీద చేతులు పెట్టుకుని పాడుతోంది. అందరూ ఆవిడ వైపు చూసి గొంతు తగ్గించారు. ఆ రోజు పాట కుంటుకుంటూ నడిచింది, అయినా నాకు అంత బాగున్న పాట మళ్లీ వినబడలేదు. తమ్ముడు ఒక్కసారి కూడా చెవులు మూసుకోలేదు.

లోపల అందరూ బల్ల తీసుకున్నాక, గోదావరి వైపు నుంచి వచ్చిన మా ముసలి అయ్యగారు పళ్లెం పట్టుకుని చాపల మధ్యగా నడుచుకుంటూ గుమ్మం దాటి అరుగు మీదకు వచ్చారు. పెద్దమ్మే ముందురోజు వెళ్లి ఆయనకు అంతా చెప్పిందని మాకు తరవాత తెలిసింది. అమ్మ గాభరాగా లేచి కొంగు సర్దుకునేలోగా తమ్ముడు పళ్లెంలోని రొట్టె ముక్క లాక్కుని నోట్లో వేసుకున్నాడు. బాప్తిస్మం తీసుకోనివాళ్లు ముట్టకూడని రొట్టె అది. అయ్యగారు వాడు నమిలేదాకా ఆగి, ఇంకో ముక్క విరిచారు.

"వాడిదయింది. ఇప్పుడు నీదమ్మా," అన్నారు.

అమ్మ రెండు చేతులూ పట్టి తీసుకుంది. అమ్మ ఏడవలేదు, నేనే ఏడ్చాను.

పెద్దల్లో ఒకరిద్దరు కొన్నాళ్లు సణిగారు, ఆ తరవాత వాళ్లకే విసుగొచ్చి ఊరుకున్నారు. ప్రతి బల్లకూ అయ్యగారు బయటికి వచ్చేవారు. తమ్ముడు పెద్దవాడై పిడికెడు మాటలు నేర్చాడు, చాపలు చుట్టి మూల పెట్టే పని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. వాణ్ణి జ్వరం తీసుకుపోయినప్పుడు ఊళ్లో సగం మంది మా వాకిట్లోనే ఉన్నారు.

ఇప్పుడు ఆ పాత చర్చి లేదు. కొత్త కట్టడంలో మనిషెత్తు స్పీకర్లు, డ్రమ్ములు, ఫోనులో ప్రత్యక్ష ప్రసారం అన్నీ ఉన్నాయి. మా కోడలిని రావద్దని ఎవరూ అనలేదు. ఆ మోతకు మనవడు తట్టుకోలేడని తానే మానుకుని, పడకగదిలో వాడి పక్కన కూర్చుని ఫోను గొంతు నొక్కేసి బొమ్మ మాత్రం చూస్తుంది. వాడి జబ్బుకు మంచి పేరుంది, మందులున్నాయి, నేర్పేవాళ్లున్నారు, దేవుడికి స్తోత్రం. మా అమ్మకు అవేవీ లేవు. కానీ అమ్మ బయట కూర్చుందని అందరికీ కనబడేది. కోడలు రావడం లేదేమని ఇంతవరకూ నన్ను అడిగినవాళ్లు లేరు.

మొన్న బల్ల ఆదివారం నేను ఇంటికి వచ్చేసరికి, కోడలు ఫోను పక్కన పెట్టి, అయిపోయిందా అత్తయ్యా అని అడిగింది. అయిపోయిందమ్మా అన్నాను, బల్ల నీ దాకా రాలేదని మాత్రం అనలేకపోయాను.