అద్దాలు తుడిచే చేప

బ్రూక్‌ఫీల్డ్‌లో ఫ్లాట్ తీసుకున్న కొత్తలో మా ఆయన హాల్లో అక్వేరియం పెట్టాడు. రోజంతా కంప్యూటర్ చూసే కళ్ళకు చేపల్ని చూస్తే మంచిదని ఎవరో చెప్పారట. "పాచి పడితే ఎవరు కడుగుతారు?" అన్నాను. దానికీ అక్వేరియం దుకాణంవాడి దగ్గర ఉపాయం ఉంది. నల్లమచ్చలున్న వేలెడంత చేపను కవర్లో వేసి ఇస్తూ, "ఇది అద్దానికి అతుక్కుని పాచంతా తినేస్తుంది సార్, మీరు చెయ్యి పెట్టక్కర్లేదు" అన్నాడు.

నిజంగానే పనిమంతురాలు. ఏడాది తిరిగేసరికి అద్దం తళతళలాడింది, చేప జానెడు దాటింది. మిగతా చేపలు ఓ మూల నక్కి బతికేవి. అది తోక విదిలిస్తే సోఫా తడిసేది. దుకాణానికి తీసుకెళ్తే వాడు బకెట్లోకి తొంగిచూసి, "ఇంత పెద్దదాన్ని ఎవరు కొంటారు సార్?" అని షట్టర్ సగం దించేశాడు. చంపడానికి మనసొప్పలేదు. వారం వారం చేపల పులుసు తినే మాకు ఈ ఒక్క చేప మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది.

ఒక ఆదివారం పొద్దున్నే బకెట్‌కి గుడ్డ కట్టి, స్కూటర్ మీద మా వీధి చివరి చెరువుకు తీసుకెళ్ళాం. మెట్ల దగ్గర వంచితే జర్రున జారిపోయింది. మా ఆయన చేతులు జోడించి, "హాయిగా ఉండు తల్లీ" అన్నాడు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. వాకింగ్‌కి వచ్చిన మా అపార్ట్‌మెంట్ ఆవిడొకరు ఆగి, మంచి పని చేశారన్నట్టు తలూపింది.

ఆ చెరువులో చేపలు పట్టే కాంట్రాక్టు ఒక పెద్దాయనది. తాతల కాలంలో అనంతపురం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం, మాటలో కన్నడం కలిసి చెరువును 'కెరె' అనేవాడు. ప్రతి వానాకాలం చేపపిల్లల్ని తెచ్చి చెరువులో వదిలేవాడు. ఆయన గుండ్రటి పుట్టి పడవలో వెళ్ళి వల తీసుకొస్తే, గట్టు మీద ఆయన భార్య కత్తిపీట ముందు కూర్చుని కోసిచ్చేది. మా ఇంటి పులుసులో బొచ్చె ముక్కలన్నీ ఆవిడ కోసినవే.

రెండేళ్ళు గడిచాయి. గట్టు మీద చేపల రాశి చిన్నదవుతూ వచ్చింది. మొదట పెద్ద బొచ్చెలు కనబడకుండా పోయాయి. చివరికి జిలేబీ చేపలే మిగిలాయి, అవీ అరచెయ్యంత. అడిగితే ఆయన చెరువులో కలిసే మురుగునూ, గుర్రపుడెక్కనూ తిట్టేవాడు. నేనూ ఆయనతో కలిసి తిట్టేదాన్ని. జనానికి బొత్తిగా బాధ్యత లేదని నాలుగు మాటలు చెప్పి, చేపలు తీసుకుని తృప్తిగా ఇంటికొచ్చేదాన్ని.

ఓసారి వెళ్ళేసరికి ఆయన చినిగిన వల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మురుగొకటే కాదమ్మా. కెరెలోకి కొత్త పీడ వచ్చిండాది, చూడండి" అని పక్కనున్న గోనెపట్టా తీశాడు.

మొసలి వీపులాంటి చర్మం, నల్లమచ్చలు, కిందికి తిరిగిన నోరు. ఒకటి కాదు, కుప్ప. ఒడ్డున పడేసి ఎంతసేపైందో కానీ ఇంకా కదులుతున్నాయి. నా చేతిలో సంచి జారిపోయింది.

"దెయ్యం చేపంటారు దీన్ని. ముండ్లు తగులుకుంటే వల కోసి తీయాల్సిందే. నా చేపపిల్లల మేత తింటాది, గుడ్లు తింటాది. మొన్న తొలివానకి మురుగొచ్చి చిన్న బొచ్చెలన్నీ చచ్చి తేలితే, ఇవి సుమ్నే, ఏమీ కానట్టు పైకొచ్చి గాలి మింగి పోతా ఉండాయి. ఎవురో పుణ్యాత్ములు ఇడిసిపెట్టి పోయిండారు."

"ఎవరై ఉంటారు?" అన్నాను.

"ఎవురైతేనేమిలేమ్మా, చల్లగా ఉండల్ల వాళ్ళు" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన లాజిక్ తీశాడు. "మనం వదిలింది ఒక్కదాన్నే. ఒంటరిదానికి పిల్లలెలా పుడతాయి?"

"అక్కడ జత దొరికి ఉంటుంది."

"అయితే ఆ జతను వదిలినవాడిదే తప్పు" అని ఊపిరి పీల్చుకున్నాడు.

చెరువు దగ్గరి పెద్దాయన ముందు ఒప్పుకునే ధైర్యం నాకు లేకపోయింది. అందరికీ కలిపి ఆయనే బుద్ధి చెప్తే నా వాటా కూడా అందులో తీరిపోతుందనుకుని, మా అసోసియేషన్ మీటింగుకు పిలిచాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని భార్యతో వచ్చాడు. బకెట్లో ఒకదాన్ని ప్రాణాలతో తెచ్చి బల్ల మీద పెట్టాడు. వల సంగతి, చేపపిల్లల సంగతి అంతా చెప్పి, "దీన్ని ఈడ ఎవురన్నా గుర్తుపడతారా?" అన్నాడు.

అందరూ తల వంచి ఫోన్లు చూసుకోసాగారు. ఆయన భార్య, ఆ పెద్దావిడ, ఊరుకోలేదు. "ఆకాశంలో నుంచి పడిందా మరి?" అంది.

నా చెయ్యి లేచింది. మా ఆయన దాన్ని కిందికి లాగాడు. మళ్ళీ లేపాను.

"మీరా అమ్మా?" అన్నాడు పెద్దాయన నమ్మలేనట్టు. అంతలో వెనక వరసలో ఇంకో చెయ్యి లేచింది. ఆ రోజు తలూపిన వాకింగ్ ఆవిడ. ఆ తర్వాత అసోసియేషన్ ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకుని, "మావి రెండు. ఒక తాబేలు కూడా" అన్నారు. మొత్తం ఏడు చేతులు లేచాయి.

పెద్దాయన వేలు చూపిస్తూ లెక్కపెట్టి కుర్చీలో కూలబడ్డాడు. "అంతా నా దగ్గర చేపలు కొనేటోళ్ళేనే!" అని కడుపు పట్టుకుని నవ్వాడు.

నేను కాఫీ తెచ్చిచ్చి, "మా మీద కోపం లేదా?" అన్నాను.

"ఎందుకు లేదు, ఉండాది. ఏడిళ్ళ మీద ఒగేసారి ఎట్ల కోపం చేసుకునేది? ఆదివారం అందరూ రండి, పని చెప్తా."

వెళ్ళాం. ఏడిళ్ళవాళ్ళం రబ్బరు తొడుగులు వేసుకుని గట్టు మీద కూర్చుని వలలో నుంచి దెయ్యం చేపల్ని విడదీసి గుంతలో పూడ్చాం. ప్రెసిడెంటుగారి కొత్త ట్రాక్‌సూట్‌కి ముల్లు దిగింది. మా ఆయన మొదటి చేపకే కెవ్వుమన్నాడు.

అవి చెరువు వదిలి పోలేదు. ఇక పోవని కూడా పెద్దాయనే చెప్పాడు. వల వేసినప్పుడల్లా వస్తూనే ఉన్నాయి. కాకపోతే ఈ ఏడు ఆయన కాస్త పెద్ద చేపపిల్లల్ని తెచ్చి వదిలాడు, ఈ మధ్య ఒకటీ అరా బొచ్చెలు పడుతున్నాయి. మిగతా ఇళ్ళవాళ్ళు రావడం మానేశారు గానీ, మా ఆయన మాత్రం ప్రతి ఆదివారం వెళ్తాడు. ముల్లు విరక్కుండా, వల తెగకుండా తీయడం పట్టుబడింది. తిరిగొచ్చేటప్పుడు లిఫ్టులో ఆయనతో ఎవరూ ఎక్కరు.

మొన్న పెద్దావిడ నాకు ముక్కలు కోసిస్తూ, "మీ ఆయప్పకి చెయ్యి బాగా తిరిగిందమ్మా. ఇంగ ఆపీసు మానిపించేయండి" అంది.

వెనకాల వల విదిలిస్తున్న మా ఆయన తలెత్తాడు. ఆ రోజు భోజనాల దగ్గర, పుట్టి నడపడం నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందని నన్ను అడిగాడు.